పున్నమి నాడు టౌన్ బస్సుల్లో సముద్రానికి

బెంగళూరుకు సముద్రం లేదన్న సంగతి బెంగళూరు వాళ్ళకు తప్ప అందరికీ తెలుసు. ఇక్కడ ఎవరినడిగినా బీచ్ పక్కనే అంటారు. రాత్రి అన్నం తిని బస్సెక్కితే తెల్లారేసరికి ఇసుకలో ఉంటామంటారు. రాత్రంతా పోతేగానీ రాని ఊరిని మా అనంతపురం వైపు ఎవరూ పక్కనే అనరు. అలాంటి ఊరికి పోవాలంటే సద్ది కట్టుకుని, ఇంటికి తాళం వేసి, పక్కింటి వాళ్ళకు నాలుగు మాటలు చెప్పి పోతారు. ఇక్కడి పద్ధతి వేరు. హెబ్బగోడి నుంచి మెజెస్టిక్ పోవాలంటే అబ్బో అంత దూరమా అని మూలుగుతారు, రాష్ట్రాలు దాటి ఉన్న సముద్రాన్ని మాత్రం పెరట్లో ఉన్నట్టు మాట్లాడతారు.

మేముండేది ఆ హెబ్బగోడిలోనే, ఒక కాంపౌండులో రైలు పెట్టెల్లాగా వరసగా కట్టిన గదుల్లో. మా ఆయన బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పని చేస్తాడు. నేను అదే దారిలో ఇంకో కంపెనీలో ప్యాకింగ్. మాతోపాటు మా అత్త. ఈ ప్రయాణమంతా ఆమె కోసమే పెట్టుకున్నాం. అయితే దారి పొడుగునా ఇది తన కోసమే జరుగుతోందని మా ఆయన అనుకున్నాడు.

మా అత్తకు సముద్రం మీద మనసు పడింది సర్జాపుర రోడ్డులో. అక్కడ వానొస్తే రోడ్డే కాలవ, వాన రాకపోతే ట్యాంకరు కోసం కొట్లాట. అయినా అక్కడ కట్టే అపార్టుమెంట్లకు పేర్లన్నీ సముద్రానివే. ఒకదాని పేరుకు అర్థం తీరం, ఇంకొకదానికి అల, మరొకదానికి అఖాతం. ఇంగ్లీషులో చెక్కించి, బంగారు రంగు పూసి, గేటు నెత్తిన పెడతారు. మా మామ పోయినాక మా అత్త ఆ రోడ్డు పొడుగునా ఇటుకలు మోసింది, ఇసుక మోసింది. ఒకసారి కొత్త గేటు మీద అక్షరాలు బిగిస్తుంటే, అదేం రాసినారప్పా అని మేస్త్రీని అడిగిందట. సముద్రం ఒడ్డు అని రాసినామన్నాడట. మరి సముద్రమేది అంటే, కొనుక్కున్నోళ్ళకు కనపడుతుందిలే అవ్వా అని నవ్వాడట. అందరూ నవ్వారు. మా అత్త కూడా నవ్వింది గానీ ఆ మాట మనసులో పెట్టుకుంది.

ఇంతలో ఆమె కళ్ళ గొడవ మొదలైంది. నీటికాసులు, డాక్టర్లు గ్లాకోమా అనే జబ్బు. మాకు తెలిసేసరికే ఎడమ కన్ను పోయింది. కుడి కంటి చూపు నాలుగు వైపుల నుంచీ ముడుచుకుంటూ వచ్చి, గొట్టంలోంచి చూసినట్టు నడిమధ్యన కొంచెం మిగిలింది. వెలుతురు తగ్గితే అదీ లేదు. డాక్టరు ఆపరేషన్ చెయ్యాలన్నాడు. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని నిలబెట్టడానికి చూస్తాం, నిలబడుతుందని మాట మాత్రం ఇవ్వలేం అన్నాడు. ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చెంగుతో ముక్కు తుడుచుకుని కొడుకు వైపు తిరిగింది.

"ఆ కత్తి పెట్టేలోగా ఒకతూరి సముద్రం సూపించప్పా" అంది.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి ఆమె మమ్మల్ని ఒక చీర అడగలేదు, ఒక పూట పప్పు బదులు కూర అడగలేదు. ఎలాగైనా చూపించాలనుకున్నాను నేను. మా ఆయనకు మాత్రం కళ్ళు మెరిశాయి. ఆయనకు కొత్త రూటు దొరికింది.

ఆయన సంగతి కొంచెం చెప్పాలి. మా ఆయనకు డైరెక్ట్ బస్సంటే ఒళ్ళు మంట. ఒక ఊర్లో ఎక్కి కావలసిన ఊర్లో దిగడం బుర్ర లేనివాళ్ళు చేసే పని అని ఆయన నమ్మకం. బుర్ర ఉన్నవాడు మధ్యలో దిగాలి, మారాలి, ఎవరికీ తెలియని బస్సు పట్టాలి, ఎవరికీ తెలియని సందులోంచి రావాలి. పెళ్ళికి పోయినా చావుకి పోయినా ముందు తాను ఎలా వచ్చాడో చెప్పి ఆ తర్వాతే నవ్వడమో ఏడవడమో చేస్తాడు. మా చిన్నాయన పోయినప్పుడు శవం పక్కన కూర్చుని, చింతామణి మీదుగా రావడంలో ఉన్న సుఖం గురించి మా అన్నకు చెప్పాడు. మా అన్న తల ఊపుతూ ఏడుస్తున్నాడు, ఈయన చెబుతూనే ఉన్నాడు. మా కాంపౌండులో ఎవరు ఊరికి పోవాలన్నా ముందు ఈయన్నే అడుగుతారు. ఈయన మాట విని పోయినవాళ్ళు రెండోసారి అడగరు, కానీ హెబ్బగోడిలో కొత్తగా దిగేవాళ్ళకు కొదవ లేదు.

దానికి తోడు ఫోనులో వీడియోలు. బెంగళూరు నుంచి బీచ్‌కి ఎంత చవకగా పోవచ్చో చూడండి అని ఎవరో ఒకడు వీపున సంచి తగిలించుకుని, నవ్వుకుంటూ, బస్సు తర్వాత బస్సు ఎక్కుతుంటాడు. వాడు ఎక్కడా ఉచ్చ పోసుకోవడానికి వెతుక్కోడు. వాడికి ఆకలి కాదు, కాళ్ళు వాయవు. వాడి పక్కన వాళ్ళమ్మ అసలే ఉండదు. మా ఆయన ఆ వీడియోలు వరసగా చూసి, వాడికంటే తెలివైన దారి కనిపెట్టానని ఒక సాయంత్రం ప్రకటించాడు.

కర్ణాటకలో ఆడవాళ్ళకు మామూలు బస్సుల్లో టికెట్ లేదు. తమిళనాడులో టౌన్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. ఈ రెండు ముక్కలూ అందరికీ తెలిసినవే. మా ఆయన బుర్రలో మాత్రం అవి రెండూ కలిసి నిప్పు పుట్టింది.

"మనం ముగ్గురం. ఇద్దరు ఆడోళ్ళు. టౌన్ బస్సులే మారుకుంటా మారుకుంటా పోతే మీరిద్దరూ పాండిచ్చేరి దాకా ఊరికే పోవచ్చు" అన్నాడు.

టౌన్ బస్సంటే ఒక ఊరి నుంచి చుట్టుపక్కల పల్లెలకు తిరిగొచ్చే బస్సు. దాన్ని పట్టుకుని సముద్రానికి పోవడమంటే చెంచాతో బావి తోడటమే. ఆ మాటే అన్నాను.

"నీకు రూట్లు తెల్దు, గమ్మునుండు మే" అన్నాడు.

రోజు మాత్రం మా అత్తే పెట్టింది. సముద్రాన్ని ఎప్పుడు పడితే అప్పుడు తాకగూడదని మావాళ్ళలో పట్టింపు. పున్నమికో అమావాస్యకో తప్ప అందులో చెయ్యి పెట్టరు. అమావాస్య ఆపరేషన్ తర్వాత వస్తుంది. అందుకని పున్నమి. ఆ పొద్దు సముద్రం చూసి, నాలుగు చుక్కలు నెత్తిన చల్లుకుని వస్తానంది. మా ఆయన సరేనన్నాడు. పున్నమి అంటే ఆయనకు క్యాలెండర్లో ఒక గడి, అంతే. ఆ రోజు ఆ దోవలో ఇంకెవరైనా ఎక్కడికైనా పోతారేమో అన్న ఆలోచన ఆయనకు రాలేదు.

చీకటి విడవకముందే బయలుదేరాం. చిత్రాన్నం, చెనిక్కాయల పొడి, రొట్టెలు కట్టుకున్నాం. మా అత్త ట్రంకు పెట్టెలోంచి ఎప్పటిదో జరీ అంచు చీర తీసి కట్టుకుంది. పేరంటానికి పోతున్నట్టు తల దువ్వించుకుంది. అత్తిబెలె పోయే బస్సెక్కాక కండక్టరు నా ఆధార్ చూసి ఉచిత టికెట్ చించి ఇచ్చాడు. మా అత్త కార్డు అటూ ఇటూ తిప్పి, "అజ్జీ, ఇదు ఆంధ్ర అడ్రెస్సు, టికెట్ తగోబేకు" అన్నాడు. టికెట్ కొనాల్సిందే అని.

మా అత్త కన్నడలోనే అందుకుంది. ఈ ఊర్లో సగం గోడలు నా నెత్తిమీదుగా లేచినాయి, ఇప్పుడు నేను ఈ ఊరిదాన్ని కాదా అని దులిపేసింది. కండక్టరు పాపం మంచివాడు, చేతులు జోడించాడు గానీ టికెట్ కొట్టాడు. మా ఆయన ఆ టికెట్ వైపు చూసిన చూపు, కన్నతల్లి తనను మోసం చేసినట్టు ఉంది. మొదటి బస్సులోనే ఆయన ప్లానుకు చిల్లు పడింది.

హోసూరులో మళ్ళీ ప్రాణం లేచొచ్చింది. ముందు భాగమంతా గులాబీ రంగు పూసిన టౌన్ బస్సు ఎక్కించాడు. కండక్టరు ఏ కార్డూ అడగకుండానే మా ఇద్దరి చేతుల్లో రెండు చీటీలు పెట్టి వెళ్ళిపోయాడు.

"ఈ రాజ్జెమోళ్ళు మంచోళ్ళురా. యా ఊరు, ఎవురి బిడ్డవు అని అడగనే లేదు" అని మా అత్త మురిసిపోయింది.

"సూస్తివా?" అని మా ఆయన నావైపు చూసి కాలరు సర్దుకున్నాడు. ఆ బస్సును తానే ఇప్పించినట్టు.

ఆ బస్సు కనిపించిన ప్రతి మనిషికీ ఆగింది. మనిషి లేనిచోట చింతచెట్టుకు ఆగింది. ఒకచోట డ్రైవరు దిగి ఎవరి ఇంట్లోనో టీ తాగి వచ్చాడు. పక్కనే పెద్ద రోడ్డు మీద బెంగళూరు నుంచి వచ్చే బస్సులు రయ్యిమని పోతున్నాయి. మేము ఆ రోడ్డు దిగి పల్లెల్లోకి పోయి, కోళ్ళను బెదరగొట్టి, మళ్ళీ అదే రోడ్డు మీదకు వస్తున్నాం. శూలగిరిలో దిగి ఇంకోటి ఎక్కాం. అది కదిలేదాకా కూర్చుని రొట్టెలన్నీ తిన్నాం. కృష్ణగిరి చేరేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది. వీడియోలో సంచి తగిలించుకున్నవాడు ఈపాటికి సముద్రంలో మునకేస్తుంటాడు.

కృష్ణగిరి బస్టాండులో దిగగానే ఎదురుగా ఒక బస్సు. "పాండి, పాండి, పాండి" అని కండక్టరు గొంతు చించుకుంటున్నాడు. లోపల కిటికీ పక్క సీట్లు ఖాళీగా కనిపిస్తున్నాయి. నేను మా అత్త చెయ్యి పట్టుకుని అటు నడిచాను. మా ఆయన అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"అది టౌన్ బస్సు కాదు. దాంట్లో మీ ఇద్దురికీ టికెట్" అన్నాడు.

"అయితే ఏమయ్యా? ఎక్కితే చీకటి పడకముందే దిగుతాం. మీ అమ్మకు వెలుగుంటేనే గదా కనపడేది?"

"అంత తొందరేం ల్యా. నా లెక్కలో టైముండాది."

"నీ లెక్క నువ్వు పెట్టుకో. అత్తా, నువ్వు చెప్పు."

మా అత్త ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. చూడ్డమంటే తల తిప్పి వెతుక్కోవడమే. తర్వాత కొడుకు భుజం మీద చెయ్యి వేసింది.

"వానికి తెలుసులేమ్మా" అంది.

ఆ బస్సు మా ముందే కదిలి వెళ్ళిపోయింది. నేను ఆయనతో ఊతంగరై దాకా మాట్లాడలేదు. ఆయనకు అది తెలియనే లేదు, ఎందుకంటే ఊతంగరై దాకా ఆయనే మాట్లాడుతున్నాడు.

ఊతంగరై దాటాక ఆయన విద్య అయిపోయింది. అక్కడి నుంచి అవతలికి టౌన్ బస్సు లేదట. ఉందని వీడియోలో ఎవడో చెప్పాడట. ఒక షేర్ ఆటోలో మేకపిల్లతో కలిసి కొంత దూరం పోయాం. అక్కడ తిరువణ్ణామలై బస్సు కోసం నిలబడ్డాం. వచ్చిన ప్రతి బస్సూ ఫుట్‌బోర్డు దాకా జనంతో వచ్చి, ఆగకుండా పోతోంది. జనం చేతుల్లో పూలు, నొసట విభూతి. అప్పుడు తగిలింది నాకు. పున్నమి. తిరువణ్ణామలై అంటే మన అరుణాచలమే, ఈ పొద్దు గిరి ప్రదక్షిణ. మన తెలుగువాళ్ళంతా బస్సులు, కార్లు, రైళ్ళు పట్టుకుని ఈ రోజే ఆ కొండ చుట్టూ తిరగడానికి వస్తారు. మా కాంపౌండు నుంచే ప్రతి నెలా రెండు కుటుంబాలు పోతాయి. వాళ్ళకు దారి చెప్పేది కూడా మా ఆయనే!

"ఏమయ్యా, ఈ పొద్దు పున్నమి" అన్నాను.

"తెలుసు. అందుకే గదా వస్తిమి" అన్నాడు. ఒక్క క్షణం ఆగాడు. తర్వాత ఆయన ముఖంలోంచి రక్తం దిగిపోయింది. సంబరపడాలో ఏడవాలో నాకు తెలియలేదు.

ఎలాగో ఒక బస్సులో ఒంటికాలి మీద చోటు దొరికింది. మా అత్తకు ఒక కడప ఆమె సగం సీటు ఇచ్చింది. ఇచ్చినందుకు గాను మా ఊరు, పేరు, గోత్రం అన్నీ అడిగింది.

"మీరూ ప్రదక్షిణకేనా అక్కా?"

"లేదమ్మా, సముద్రానికి" అంది మా అత్త.

ఆ బస్సంతా ఒక్కసారి మావైపు తిరిగింది. పున్నమి నాడు అరుణాచలం దాకా వచ్చి, స్వామిని వదిలిపెట్టి, ఉప్పునీళ్ళు చూడటానికి పోతారా అని ఒకాయన బాధపడ్డాడు. ఇంకొకాయన మాకు పట్టిన శనికి పరిహారం చెప్పాడు. వాళ్ళలో సగం మంది బెంగళూరు వాళ్ళే, ఒకరైతే బొమ్మసంద్రలో మా కంపెనీ వెనక వీధే.

అరుణాచలం ఊరి బయట ఒక మైదానంలో తాత్కాలిక బస్టాండు పెట్టి అక్కడే దింపేశారు. పాండిచ్చేరి వైపు బస్సులు కొండకు అవతలి దిక్కున ఇంకో మైదానంలో ఉన్నాయట. ఆటోలు ఇసుక పోస్తే రాలనంత జనంలో ఇరుక్కుని కదలటం లేదు. నడక తప్పలేదు. వేలమంది ఒకే వైపు నడుస్తుంటే వాళ్ళలో కలిసి మేమూ నడిచాం. దోవలో ఎవరో పులిహోర పెట్టారు, ఎవరో మజ్జిగ పోశారు. మా అత్త చీర అంచు తొక్కుకుంటూ, నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, కాళ్ళీడ్చుకుంటూ వస్తోంది.

"పోనీలే. సగం ప్రదచ్చినం కూడా ఊరికే అయిపాయె" అన్నాడు మా ఆయన.

అప్పుడు నా చేతిలో చిత్రాన్నం డబ్బా ఉంది. ఖాళీదే. అది నిండుగా ఉన్నట్టయితే ఈ పాటికి ఆయన నుదుటి మీద గుర్తుండేది. జనంలో స్వామి పేరు తలచుకుంటున్నవాళ్ళ మధ్య నేను మా ఆయన వంశాన్ని మొత్తం తలచుకున్నాను, ఒక్క మా అత్తను తప్ప.

అవతలి మైదానంలో బస్సు దొరికి కూర్చునేసరికి ఎండ పసుపురంగుకు తిరిగింది. మా అత్తకు కిటికీ సీటు దొరికింది. ఆమె బయటికే చూస్తూ, కనపడినవాటికి పేర్లు చెబుతూ వచ్చింది. అరటితోట, ఎద్దులు, రాళ్ళ గుట్ట. జింజి దగ్గరికి వచ్చేసరికి ఆ పేర్లు చెప్పడం ఆగిపోయింది. బయట ఇంకా వెలుతురు ఉంది, నాకు పొలాల్లో మనుషులు తెలుస్తున్నారు. ఆమెకు చీకటి అందరికంటే ముందే పడుతుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, తల తిప్పకుండా, కిటికీ వైపే కూర్చుంది.

"అత్తా, నిద్రొస్తాందా?" అన్నాను.

"లేదమ్మా. ఇంగ ఎంత దూరం?"

"దగ్గరే."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముందు సీట్లో మా ఆయన పక్కనున్న తమిళాయనకు వచ్చీరాని తమిళంలో తాను టౌన్ బస్సుల మీద ఇంత దూరం ఎలా వచ్చాడో చెబుతున్నాడు. ఆ తమిళాయన జాలిగా వింటున్నాడు.

పాండిచ్చేరిలో దిగి బీచ్ రోడ్డు చేరేసరికి పూర్తిగా రాత్రయింది. ఆ రోడ్డు మీద బండ్లు రానివ్వరు, జనం ఐస్‌క్రీములు తింటూ తిరుగుతున్నారు. వరసగా దీపాలు. వాటికి అవతల సముద్రం. నేనూ అదే మొదటిసారి చూడటం. దాని మీద పున్నమి చంద్రుడు ఇంతెత్తు లేచి ఉన్నాడు, నీళ్ళ మీద తెల్లటి బాట పరుచుకుని ఉంది. అంత అందం చూసి నాకు సంతోషం రాలేదు, కడుపులో మండింది.

"యాడుండాది?" అంది మా అత్త.

"ఎదురుగ్గానే అమ్మా, సూడు!" అన్నాడు మా ఆయన ఉత్సాహంగా. ఆయనకు ఇంకా తట్టలేదు.

ఆమె మెడ సాచి చాలాసేపు చూసింది. "సద్దు ఇనిపిస్తాండాది" అంది. మళ్ళీ చూసింది. తల పైకెత్తింది. "ఆ తెల్లగుండేది సందమామ గదా?"

"ఊఁ అమ్మా."

"సందమామ మనూర్లో గూడా ఉండాడు గదప్పా" అంది.

ఎత్తిపొడుపు కాదు. ఆమెకు ఎత్తిపొడుపులు చేతకావు. కనపడిన ఒక్కదాని గురించీ కనపడినట్టు చెప్పింది.

రాళ్ళు లేని చోట కొంచెం ఇసుక ఉంటే అక్కడికి తీసుకుపోయాం. నేను చెయ్యి పట్టుకుంటే ఆమె వంగి, వచ్చిన నీళ్ళను దోసిట పట్టి నెత్తిన చల్లుకుంది. ఒక చుక్క నాలుక మీద వేసుకుని ముఖం చిట్లించింది. పున్నమి ఇంకా ఉంది, పట్టింపు తీరింది. లేచి, నీళ్ళు కాళ్ళకు తగలని చోటికి వచ్చి, చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ నిలబడింది. ఎటు తిరిగి నిలబడిందో ఆమెకు తెలియదు.

మా ఆయన ఫోను చూసుకున్నాడు. తిండివనానికి ఆఖరి బస్సు పోతుందని, అది పట్టుకుంటే అక్కడి నుంచి ఇంకోటి ఉందని, పొద్దున షిఫ్టుకు అందుకోవచ్చని చెప్పాడు.

"సూస్తివా అమ్మా? పోదామా?" అన్నాడు.

"సూసినానప్పా. కండ్లనిండా సూసినా. ఎంత పెద్దదో!" అంది మా అత్త.

ఆమె వీపు సముద్రం వైపు ఉంది. ముఖం దీపాల వైపు, ఐస్‌క్రీం బండి వైపు ఉంది. ఆ బండినే చూస్తూ, రెండు చేతులూ చాపి, ఎంత పెద్దదో చూపించింది. కొడుకు పడ్డ కష్టం వృథా పోలేదని చెప్పడానికి, లేని సముద్రాన్ని అంత పొడుగు చేసి చూపించింది.

మా ఆయన చేతిలో ఫోను వెలుగుతూనే ఉంది. పొద్దున్నుంచీ ఆగని ఆయన నోరు అప్పుడు ఆగింది. నేను ఆ ఇసుకలోనే కూలబడ్డాను.

"నేను రాను. నువ్వు పో. నీ షిఫ్టుకు పో. తెల్లారి మీ అమ్మ సముద్రం చూసేదాకా నేను ఈణ్ణుంచి లెయ్యను" అన్నాను.

ఎందుకే అరుస్తావు అంటాడనుకున్నాను. అనలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని, ఆమె చెప్పులు తాను ఎత్తుకుని, లాడ్జి ఎక్కడుందో దోవన పోయేవాళ్ళను అడిగాడు. మా పెళ్ళయినాక ఆయన ఇంకొకరిని దారి అడగడం అదే మొదలు.

పొద్దున్నే, ఎండ ముదరకముందే మళ్ళీ అక్కడికే వచ్చాం. రాత్రి మెరిసిన నీళ్ళు ఇప్పుడు నీలంగా, అంతులేకుండా ఉన్నాయి. మా అత్త తడి ఇసుకకు ఇవతలే ఆగిపోయింది.

"పున్నమి ఎళ్ళిపాయె. ఇంగ తాకగూడదు. ఈణ్ణుంచే సూస్తా" అంది.

రాత్రి తాకింది గానీ చూడలేదు. ఇప్పుడు చూడొచ్చు, తాకదు. ఆమెకు అందులో బాధపడాల్సింది ఏమీ ఉన్నట్టు లేదు. చెంగు నిండుగా కప్పుకుని, తల ఎత్తి, ఎదురుగా చూసింది.

"నీళ్ళు" అంది. "నీళ్ళే గదా అవి?"

"అవును అత్తా."

కాసేపు చూసి, "ఇంతేనా?" అని అడిగింది.

ఆమె కంటికి అందింది నిజంగా అంతే. తలుపు సందులోంచి కనపడినంత నీళ్ళు. అటు పక్కా ఇటు పక్కా ఏముందో ఆమె కన్ను చెప్పదు. అక్కడితో అయిపోయిందనుకుంది. ఇంత దూరం వచ్చింది దీనికేనా అని కూడా అనుకోకుండా, ఇంతేనా అని మామూలుగా అడిగింది.

మా ఆయన వెళ్ళి ఆమె వెనక నిలబడ్డాడు. రెండు అరచేతులూ ఆమె చెంపలకు ఆనించి, తలను మెల్లగా ఎడమవైపు కొసకు తిప్పాడు.

"ఈణ్ణుంచి సూడమ్మా" అన్నాడు. "ఇది సముద్రమే."

కొంచెం కుడికి తిప్పాడు. "ఇదీ సముద్రమే."

ఆమె ఆ ముక్కను చూసుకునేదాకా ఆగాడు. మళ్ళీ కొంచెం తిప్పాడు. ఆయన అంత నిదానంగా ఏ పనీ చెయ్యడం నేను చూడలేదు. ఒక ముక్కలో పడవ ఉంది, దాని దగ్గర ఆమె చాలాసేపు ఆగింది. మరో ముక్కలో నీళ్ళు తప్ప ఏమీ లేవు, దాని దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగింది.

"ఇంగా ఉండాదా?"

"ఉండాదమ్మా."

"అవతల గట్టు రాలేదే?"

"రాదమ్మా."

మెడ తిరిగినంత మేరా తిరిగింది. ఇక ముందుకు చూడాలంటే మనిషే తిరగాలి.

"ఇంగా ఉండాదా నాయనా?" అంది.

మా ఆయన కళ్ళ నీళ్ళు ఆమె నెత్తిన పడుతున్నాయి.

"ఉండాదత్తా" అన్నాను నేను. "శానా ఉండాది. తిరుగు."